మనాది

ఒక మనిషి అన్నం సరిగ్గా తినక, నలుగురిలో కలవక, పొద్దంతా గోడకు ఆనుకుని కూర్చుంటే, అతనికి ఏమైందో చెప్పడానికి తెలంగాణ పల్లెల్లో ఒక మాట ఉంది: మనాది. "కొడుకు దుబాయి పోయినకాడి నుంచి ముసలామె మనాదితోనే ఉన్నది" అంటారు. "పెండ్లాం పోయిన మనాదిల మంచం పట్టిండు" అంటారు. "ఏం మనాది పెట్టుకున్నవే బిడ్డా?" అని అడుగుతారు. కోస్తాలో ఈ మాట అంతగా వినపడదు. అక్కడ బెంగ ఉంది, దిగులు ఉంది. దిగులుకు తమిళంలో తికిల్, కన్నడంలో దిగిలు చుట్టాలు. ఆ రెండింటికీ అర్థం భయమే. తెలుగులోనూ పాత దిగులు భయమే. ఇప్పుడది భయం నుంచి జరిగి దుఃఖం వైపు వచ్చి కూర్చుంది. బెంగ దూరమైన మనిషి కోసం పడేది, ఎక్కువగా పసిపిల్లలది. మనాది ఈ రెండింటికన్నా బరువైనది. అది వచ్చి పోయేది కాదు, వచ్చి ఉండేది.

మాట పుట్టుక గురించి ఎక్కువమంది చెప్పేది మనోవ్యాధి అనే. సంస్కృత సమాసం నోళ్ళలో పడి వత్తులు వదిలించుకుని, మధ్యలో వకారాన్ని మింగేసి మనాదిగా మిగిలింది. నాకూ అదే దారి సబబుగా అనిపిస్తుంది, ఎందుకంటే మనోవ్యాధి తెలుగు సామెతలోకి ఎక్కేంతగా జనం నోట నానిన మాట. కానీ 'మన' పక్కన నేరుగా 'ఆధి' నిలబడిందని ఎవరైనా అంటే కొట్టిపారేయలేను. ఆధివ్యాధులు అని జంటగా వాడతాం కదా, అందులో వ్యాధి ఒంటిది, ఆధి మనసుది. అమరకోశం ఆధిని మనసు పడే వ్యథ అనే చెబుతుంది. మనసులో పుట్టిన ఆధే ముదిరి ఒంట్లో వ్యాధిగా దిగుతుందని యోగవాసిష్ఠం చర్చిస్తుంది.

అమరకోశంలోనే, నానార్థవర్గంలో, ఆధికి ఇంకో అర్థం ఉంది: తాకట్టు. పట్టా పుస్తకం షావుకారు దగ్గర పెట్టిన రైతు మనాది గురించి ఆలోచించే వాళ్ళెవరికైనా ఇక్కడ చూపు ఆగుతుంది. అయితే మాటల చరిత్రలో తొందరపడకూడదు. తాకట్టు అనే ఆధి 'ధా' ధాతువు నుంచి వచ్చింది, అంటే ఉంచడం, పెట్టడం. మనోవ్యథ అనే ఆధిని మోనియర్ విలియమ్స్ నిఘంటువు 'ధ్యై' ధాతువుకు చేరుస్తుంది, అంటే తలచడం, తలపోయడం. ధ్యానం పుట్టింది కూడా దాని నుంచే. ఒకే ధాతువు నుంచి ఒక పక్క ధ్యానం, ఒక పక్క ఆధి. మనసు ఒకే చోట నిలిచిపోవడం రెండింటిలోనూ ఉంది. ఒకదానిలో మనిషి తనకు తానుగా కూర్చుంటాడు. రెండోదానిలో తలపే అతన్ని కూర్చోబెట్టి లేవనివ్వదు.

ఈ వ్యుత్పత్తి నాకు ముఖ్యమవడానికి కారణం తెలుగు నేలకు చాలా దూరంలో, జింబాబ్వేలో ఉంది. అక్కడి షోనా భాషలో మనాదిలాంటి స్థితికి కుఫుంగిసీసా అంటారు. ఫుంగ అంటే ఆలోచించు. దాని మీద చేరిన ప్రత్యయం అతిని, ఆగకపోవడాన్ని చెబుతుంది. ఆలోచన మితిమీరడం అన్నమాట. 1990లలో హరారేలో పనిచేసిన మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ తన అధ్యయనాల్లో ఈ మాటను గట్టిగా పట్టుకున్నాడు. డిప్రెషన్ అన్న పేరు తెలియని మనుషులు తమ బాధను చెప్పుకోలేనివాళ్ళేమీ కారు, వాళ్ళ పేరు వాళ్ళకుంది. ఆ తర్వాత గోవాలో సంగాత్ సంస్థ స్థాపకుల్లో ఒకడై, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణనిచ్చి కుంగుబాటుకు సలహాచికిత్స చేయించవచ్చని చూపించినవాడూ ఆయనే.

హరారేలో ఈ మాట చుట్టూ అల్లుకున్న పని గురించి వివరంగా చెప్పాలి. 2005లో జింబాబ్వే ప్రభుత్వం మురంబత్స్వినా అనే పేరుతో పట్టణాల్లోని బస్తీలను కూల్చేసింది. ఆ పేరుకు చెత్తను ఒప్పుకోనిది అని అర్థం. బీదవాళ్ళ ఇళ్ళను చెత్త అనడం ఆ పేరులోనే ఉంది. ఇల్లో జీవనాధారమో పోగొట్టుకున్నవాళ్ళు దాదాపు 7 లక్షలమంది అని ఐక్యరాజ్యసమితి అంచనా. దేశం మొత్తానికి మానసిక వైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది. వాళ్ళలో ఒకడు డిక్సన్ చిబాండా. ఆయన దగ్గర చూపించుకుంటున్న ఒక యువతి ఆస్పత్రికి రావడానికి బస్సు చార్జీ 15 డాలర్లు లేక రాలేదు, ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత ఆయన ఆస్పత్రిలో కూర్చుని ఎదురుచూడటం సరిపోదనుకున్నాడు. 2006లో ఎంబారే అనే పేదపేటలో ఆయనకు దొరికింది మందులూ కాదు, గదులూ కాదు. అప్పటికే ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తున్న 14 మంది అవ్వలు, క్లినిక్ బయట చెట్టు కింద వేసిన ఒక చెక్క బెంచీ.

ఆ బెంచీకి మొదట పెట్టిన పేరు మానసిక ఆరోగ్య బెంచీ. ఎవరూ వచ్చి కూర్చోలేదు. అవ్వలే పేరు మార్చమన్నారు. షోనాలో అది చిగారో చెకుపనమజానో అయింది, ఒకరికొకరు ఆలోచన చెప్పుకునే పీట. ఇంగ్లీషులో ఫ్రెండ్‌షిప్ బెంచ్ అన్నారు. బెంచీ అదే, అవ్వలు వాళ్ళే, మాట మారాక జనం వచ్చారు.

అవ్వలు చేసే పనిలో అడుగులకు కూడా వాళ్ళ మాటలే పెట్టుకున్నారు. మొదటిది కువ్హురా ఫుంగ్వా, మనసు తెరవడం. ఫుంగ్వా కూడా ఆ ఫుంగ నుంచి పుట్టిందే. ఏ తలపు మనిషిని మూసిపెట్టిందో ఆ తలపునే తెరవడం. వచ్చినామె తన కష్టాలన్నీ వరసగా చెబుతుంది. అవ్వ వింటుంది. వాటిలోంచి ఒక్కటి ఆమె చేతనే ఎంచుకోనిస్తుంది. అద్దె కట్టలేకపోవడం కావచ్చు, హెచ్‌ఐవీ ఉందని మొగుడికి చెప్పలేకపోవడం కావచ్చు. ఆ ఒక్కదానికి చేయగలిగిన చిన్న పని ఏమిటో ఇద్దరూ ఆలోచిస్తారు. రెండోది కుసిముద్జీరా, పైకి లేపడం. మూడోది కుసింబీసా, బలమివ్వడం. ఆరు విడతల వరకూ కూర్చుంటారు. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో దీని పరీక్షా ఫలితాలు వచ్చాయి. హరారేలోని 24 క్లినిక్‌లు, 573 మంది మనుషులు. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్ళలో సగంమందికి కుంగుబాటు లక్షణాలు ఇంకా ఉన్నాయి. అవ్వల దగ్గర కూర్చున్నవాళ్ళలో అవి ఉన్నది సుమారు 14 శాతం మందికే.

మనోవ్యాధికి మందు లేదు అని మన సామెత. దాన్ని నిస్సహాయతగా వాడుకుంటున్నాం. మందు లేదు కాబట్టి చేయగలిగిందేమీ లేదని. ఎంబారే అవ్వలు మందు లేకుండానే చేశారు. ఆ ఫలితాలు చూశాక ఆ సామెతను పాత నమ్మకంతో పలకడం నాకు కష్టంగా ఉంది.

మనాది వ్యాకరణంలోకి కొంచెం వెళ్ళాలి. డిప్రెషన్ ఉందని అంటే తర్వాత వచ్చే ప్రశ్న 'ఎంత' అనేది. తక్కువా, మధ్యస్థమా, తీవ్రమా. మనాది అంటే తర్వాతి ప్రశ్న 'ఎవరి మనాది? దేని మనాది?' అని. ఈ మాట ముందు షష్ఠీ విభక్తి ఖాళీగా నిలబడి ఉంటుంది. బిడ్డ మనాది, అప్పు మనాది, ఇంటి మనాది. ఆ ఖాళీని పూరించమని అడగడమే అవ్వ చేసే మొదటి పని. ఈ ప్రశ్న అడగటం మన ఊళ్ళలో ఎవరికీ కొత్త కాదు. అడిగిన తర్వాత అక్కడే కూర్చోవడం మాత్రం నేర్చుకోవాల్సిందే. మనవాళ్ళు అడిగిన మరుక్షణం 'మనాది పెట్టుకోకు' అనేస్తారు. పెట్టుకోవడం అనే క్రియ ఇక్కడ అన్యాయం చేస్తుంది. పగ పెట్టుకుంటాం, ఆశ పెట్టుకుంటాం, పట్టుదల పెట్టుకుంటాం. వాటిలాగే మనాదిని కూడా మనిషి కావాలని నెత్తిన పెట్టుకున్నట్టు, దించుకోమంటే దించుకోగలిగినట్టు వినిపిస్తుంది. మగ్గం ఆగిపోయిన సిరిసిల్ల నేత కార్మికుడు మనాదిని పెట్టుకోలేదు. అది వచ్చి అతని మీద పడింది.

అయినా మనాదిలో ఒక మేలు ఉంది, పిచ్చికీ వెర్రికీ లేనిది. మనాది ఉన్నదని ఎవరైనా తలెత్తుకుని చెప్పుకోగలరు. పిచ్చి తిట్టు. 'మెంటల్' ఇంకా పెద్ద తిట్టు. ఎర్రగడ్డ హైదరాబాదులో ఒక పేట పేరు. అక్కడ మానసిక చికిత్సాలయం ఉన్నందుకు ఆ పేరే తిట్టయింది. విశాఖలో చినవాల్తేరుకూ అదే గతి. వైద్యానికి వెళ్ళాల్సిన చోటు పేరు చెబితేనే మనిషి కుంచించుకుపోయే భాషలో, ఎవరూ సిగ్గుపడని ఒక మాట మిగిలి ఉండటం చిన్న విషయం కాదు.

గత దశాబ్దంలో పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లో, ఏజెన్సీ ఊళ్ళతో సహా, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే పని చేశారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడిగారు. బాధ ఎక్కువగా ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు, తర్వాత మళ్ళీ వెళ్ళి కనుక్కున్నారు. మనసు జబ్బు అంటే సిగ్గుపడే అలవాటు తగ్గించడానికి వీధుల్లో నాటకాలు వేయించారు. ఊళ్ళో తిరిగే, ఊరివాళ్ళకు తెలిసిన మనిషే మొదటి తలుపు కావాలన్న ఎంబారే తర్కమే ఇక్కడా. ఇలాంటి ప్రశ్నల పత్రాలు తెలుగులోకి వచ్చేటప్పుడు అనువాదకుల చేతికి ఇట్టే దొరికే జంట నిరాశానిస్పృహలు. స్పృహ అంటే సంస్కృతంలో కోరిక, కాబట్టి నిస్పృహ అంటే ఏదీ కావాలనిపించకపోవడం. తెలుగు ఇంట్లో మాత్రం స్పృహ అంటే తెలివి. స్పృహ తప్పడమంటే మూర్ఛపోవడం. 'మీకు నిస్పృహగా ఉంటోందా' అని అడిగితే పెద్దావిడ ఏమని చెప్పాలి? పత్రికలు తెచ్చిన కుంగుబాటు నయం. కుంగడం నేలకూ గుండెకూ కూడా తెలుసు. కానీ అదింకా పత్రికల్లోనే ఉంది.

మనాదిని నేను గుడ్డిగా నెత్తికెత్తుకోవడం లేదు. ఆ మాట నీడలో చాలా దాక్కుంటాయి. చెవిలో గొంతులు వినిపిస్తున్నవాడికీ, పురిటి తర్వాత బిడ్డను దగ్గరకు తీసుకోలేకపోతున్న తల్లికీ కూడా మనాదే అనేస్తే వాళ్ళు డాక్టరు దాకా చేరరు. 'దేని మనాది' అని అడిగితే 'ఏమో, ఏం లేదు, అంతా చీకటిగ ఉన్నది' అన్న జవాబు వచ్చినప్పుడు, ఆ షష్ఠి పూరించబడనప్పుడు, మందు అవసరమై ఉండవచ్చు. హరారే అవ్వలకు ఇది నేర్పారు; ప్రాణం మీద ఆశ వదులుకున్న మాట వినపడితే తామే మోయకుండా పైవాళ్ళకు అప్పగిస్తారు. ఇంకొకటి, 'మనాదితో పోయిండు' అనగానే మనం ఆరా ఆపేస్తాం. పురుగుమందు డబ్బా, బ్యాంకు నోటీసు, కౌలు కాగితం ఏవీ ఆ వాక్యంలో ఉండవు.

సమాజం ఆసరా అనేటప్పుడు ఎవరి సమాజం అనీ అడగాలి. భర్త కొట్టిన దెబ్బల మనాది ఆ భర్త అన్నదమ్ముల ముంగిట చెప్పుకోలేరు. ఊరికి అవతల బతికే ఒంటరి ఆడమనిషికి పటేలు అరుగు మీద చోటుండదు. ఎంబారే బెంచీ క్లినిక్ ఆవరణలో ఉంది. అది ఎవరి ఇంటి అరుగూ కాదు, ఎవరి కులానిదీ కాదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మన దగ్గర అంగన్‌వాడీ వరండాలూ ఆరోగ్య ఉపకేంద్రాల గట్లూ ఉన్నాయి. వాటిని అలా వాడుకోవచ్చు.

2022 అక్టోబరు నుంచి టెలిమానస్ పేరుతో 14416 నంబరు దేశమంతా పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. జగిత్యాల నుంచి ఒకామె ఫోన్ చేసి 'మనాదైతుంది, రంది తీరుతలేదు' అంటే, అవతల ఎత్తిన మనిషి గుంటూరులో పుట్టి పెరిగి ఉంటే, ఆ రెండు మాటల మధ్య తేడా పట్టుకోగలగాలి. రంది రేపటి గురించి పడే ఆదుర్దా. మనాది జరిగిపోయినదాని బరువు. ఒకదానికి రేపటి సంగతి మాట్లాడొచ్చు, రెండోదాని ముందు మొదట మౌనంగా ఉండాలి. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వ్యవసాయానికి 1962లోనూ, చేనేతకు 1971లోనూ మాండలిక వృత్తిపదకోశాలు వచ్చాయి. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ ఏ తాలూకాలో ఏమంటారో ఊరూరా తిరిగి రాసుకున్నారు. దిగులు, గుబులు, బెంగ, రంది, మనాది, వాటి క్రియలతో, జిల్లాల వారీగా, ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారో కూడా రాసిన అలాంటి పుస్తకమొకటి ఆశా కార్యకర్త సంచిలోనూ 14416 బల్ల మీదా ఉండాలి. భాషాశాస్త్రం చదివినవాళ్ళూ మానసిక వైద్యం చదివినవాళ్ళూ కలిసి ఒక్కో జిల్లా మొదలుపెడితే, మొదటి సంపుటం జగిత్యాల, సిరిసిల్లల నుంచి రావాలని నా కోరిక.