నడిచిన బండి, నిలిచిన బండి: చాదర్‌ఘాట్ – ఎల్.బి. నగర్ దారిలో వంతెనలు, పాత కార్లు, చోదక స్మృతి

వ్యాససంగ్రహం

హైదరాబాదులో పాత కార్ల చరిత్ర సాధారణంగా నిజాముల రాచవాహనాలతో మొదలై వాటితోనే ముగుస్తుంది. నగరపు తూర్పు దారిలో, అంటే చాదర్‌ఘాట్ నుంచి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ల మీదుగా ఎల్.బి. నగర్ వరకు, దశాబ్దాల పాటు రోజూ తిరిగిన అంబాసిడర్, ఫియట్ కార్లకు ఆ చరిత్రలో చోటు దొరకలేదు. ఈ దారిలోని వంతెనల పరిణామాన్ని, ఇరుకు వంతెన మీద పాత కారు నడపడంలోని శ్రమను, 2021 నాటి వింటేజ్ వాహన నిబంధనలను కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మార్పు లేకపోవడాన్నే ప్రాచీనతకు గుర్తుగా తీసుకున్న ప్రమాణం నిలిచిన బండిని వారసత్వంగా స్వీకరించి, నడిచిన బండిని విడిచిపెడుతున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చాదర్‌ఘాట్ వంతెన, మూసీ, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్, అంబాసిడర్, వింటేజ్ వాహనం, చోదక స్మృతి.

1. ప్రవేశిక

చౌమహల్లా ప్యాలెస్‌ను చూడడానికి వెళ్ళినవారు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ ముందు తప్పక ఆగుతారు. అది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. దాని బాడీని బ్రిటన్‌లోని బార్కర్ సంస్థ తయారుచేసింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దీనిని కోరి చేయించుకున్నాడు. అయితే అతడు 1911లోనే మరణించడంతో అది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరింది. వెనుక ఆసనాన్ని సింహాసనంలా ఎత్తుగా అమర్చిన ఈ కారు ఉత్సవ సందర్భాలకు ఉద్దేశించినది. నడిచిన దూరం చాలా తక్కువ. అందువల్లనే చెక్కుచెదరకుండా మిగిలింది.

ఇదే నగరంలో మరో రకం కారు ఉండేది. ఉదయం విజయవాడ దారిలో బయలుదేరి సాయంత్రానికి దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో చిక్కుకొని, చాదర్‌ఘాట్ వంతెన మీద వేడెక్కి ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ కదిలిన కారు అది. అరిగిన భాగాలను మార్చుకుంటూ ముప్పై నలభై ఏళ్ళు తిరిగి చివరికి తుక్కుగా అమ్ముడుపోయింది. మొదటిది మ్యూజియంలో ఉంది. రెండోది, అది దాటిన వంతెనలు, దానిని నడిపిన చేతుల అలవాట్లు ఏ పట్టికలోనూ లేవు. దారిని, బండి స్వభావాన్ని, నడిపేవాని శరీరాభ్యాసాన్ని కలిపి నిలుపుకొన్న జ్ఞాపకాన్ని ఈ వ్యాసం ‘చోదక స్మృతి’ అని వ్యవహరిస్తుంది.

2. నది మీది వంతెనలు, తూర్పు దారి

మూసీ మీద తొలి వంతెన పురానాపూల్. కుతుబ్ షాహీల కాలంలో, 1578లో, గోల్కొండను నది ఆవలి ఒడ్డుతో కలుపుతూ దీనిని నిర్మించారు. తూర్పు వైపు ప్రయాణానికి కీలకమైనది మాత్రం చాదర్‌ఘాట్ వంతెన. 1831లో కట్టిన దీనికి, నిర్మాణాన్ని నడిపించిన ఆంగ్ల సైనికాధికారి పేరు మీదుగా ‘ఆలిఫాంట్ వంతెన’ అన్న వ్యవహారం కూడా ఉండేది. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ నుంచి నదిని దాటి మలక్‌పేట వైపు వెళ్ళే దారి దీని మీదుగా సాగింది.

ఆ దారి అప్పట్లో తోటల దారి, విడుదుల దారి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ 1798లో మరణించగా అతని సమాధిని ఇక్కడి గుట్ట మీదనే కట్టారు. మూసారాంబాగ్ అనే పేరు అతని పేరు నుంచి వచ్చిందని ప్రతీతి. ఆ సమీపంలోనే అస్మాన్‌గఢ్ ప్యాలెస్ వెలిసింది. 1886లో గుర్రప్పందాల మైదానం మౌలాలి నుంచి మలక్‌పేటకు మారింది. ఇంకా ముందుకు వెళితే 1626 నాటి సరూర్‌నగర్ చెరువు ఉంటుంది. దిల్‌సుఖ్ రాం అనే భూస్వామి పొలాల మీద వెలిసినందువల్ల దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. గుర్రపు బగ్గీల వేగానికి, సంఖ్యకు సరిపోయిన దారి అది. తరువాతి రద్దీకి మూలం ఈ కొలతలోనే ఉంది.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద నగర చరిత్రను రెండుగా చీల్చింది. వేలాది మంది మరణించారు. నది మీది వంతెనలు దెబ్బతిన్నాయి. మూడు శతాబ్దాలు దాటిన పురానాపూల్ మాత్రం నిలిచింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. నగర పునర్నిర్మాణం కోసం 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. సిల్వర్ ఘోస్ట్ కూడా ఆ ఏటిదే కావడం గమనార్హం. మోటారు వాహనం, దాని కోసం సరిచేసిన వీధి హైదరాబాదులో దాదాపు ఒకే కాలంలో ప్రవేశించాయి.

జలాశయాలు వరద భయాన్ని తగ్గించాయి. నది ఏడాదిలో అధికభాగం సన్నని పాయగా మారింది. దానితో మూసీని తక్కువ ఎత్తులో దాటవచ్చునన్న నమ్మకం కలిగింది. చాదర్‌ఘాట్ వద్ద పాత వంతెన పక్కన ఉన్న లోలెవెల్ వంతెన, అంబర్‌పేట – మూసారాంబాగ్ మధ్య ఉన్న లోలెవెల్ వంతెన ఈ నమ్మకానికి సాక్ష్యాలు. జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడల్లా ఇవి మునిగే స్థితి ఏర్పడింది. 2020 అక్టోబరులోనూ, 2022 జులైలోనూ రాకపోకలు ఆగిపోయాయి. అప్పుడు తూర్పు నగరపు వాహనాలన్నీ మిగిలిన వంతెనల మీద పడ్డాయి. రద్దీకి వాహనాల సంఖ్య ఎంత కారణమో, నది గురించిన ఈ పాత అంచనా కూడా అంతే కారణం.

3. తోటల దారి రహదారి కావడం

1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ఆరంభించింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత విజయవాడ దారి ప్రాధాన్యం మారింది. అది రాజధానిని కోస్తా జిల్లాలతో కలిపే ప్రధాన మార్గమైంది. పుణె నుంచి మచిలీపట్నం వరకు సాగిన ఈ తొమ్మిదో నంబరు జాతీయ రహదారి ఇప్పుడు 65వ నంబరుతో వ్యవహరింపబడుతున్నది. నల్గొండ, సూర్యాపేటల నుంచి, కృష్ణా తీరం నుంచి వచ్చిన ప్రయాణికుడు నగరంలో అడుగుపెట్టే వాకిలి ఎల్.బి. నగర్ అయితే, తొలి నడివీధి దిల్‌సుఖ్‌నగర్.

1986లో పండ్ల మార్కెట్ జాంబాగ్ నుంచి గడ్డిఅన్నారానికి తరలివచ్చింది. 2021లో బాటసింగారానికి మారేవరకు అది అక్కడే సాగింది. వేసవిలో మామిడికాయల లారీలు, విద్యార్థుల హాస్టళ్ళు, దుకాణాలు, జిల్లాలకు వెళ్ళే బస్సులు ఒకే రోడ్డును పంచుకున్నాయి. పాత కార్ల డ్రైవర్లు తమ నేర్పును సాధించుకున్నది ఈ రద్దీలోనే.

4. ఇరుకు వంతెన మీద పాత కారు

హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా 1950ల చివరలో మార్కెట్లోకి వచ్చింది. దాని ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఫియట్ 1100 వంశానికి చెందిన ప్రీమియర్ కారుకు 1974లో పద్మిని అన్న పేరు వచ్చింది. మారుతి 800 1983 డిసెంబరులో రోడ్డెక్కేదాకా మధ్యతరగతి కారు అంటే ప్రధానంగా ఈ రెండే. రెండింటికీ చాలాకాలం గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది.

ఈ కార్లు వంతెన మీద ఎందుకు మొరాయించేవో వాటి నిర్మాణమే చెబుతుంది. రేడియేటరుకు గాలి తోలే ఫ్యాను బెల్టు ద్వారా ఇంజనుతో పాటు తిరుగుతుంది. బండి ఆగి ఇంజను నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది. ఎదురుగాలి ఉండదు. అంటే చల్లదనం ఎక్కువగా కావలసిన సమయంలోనే అది తక్కువగా అందుతుంది. పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉండడం వల్ల ఆ వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై సరఫరా తెగిపోతుంది. అప్పుడు బోనెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, అది చల్లారేవరకు వేచి ఉండాలి. డిక్కీలో నీళ్ళ డబ్బా లేకుండా వేసవిలో బయలుదేరడం తెలివితక్కువతనం. మరుగుతున్న రేడియేటరు మూతను వెంటనే తీయరాదన్నది ప్రతి డ్రైవరూ మొదట నేర్చుకునే పాఠం.

మామూలు రోడ్డు మీద ఆగిన బండిని పక్కకు నెట్టవచ్చు. వంతెనకు పక్క అంటూ లేదు. ఒక కారు ఆగితే వెనుక నగరమంతా ఆగుతుంది. వంతెన ఎక్కే వాలులో వెనక్కి జారకుండా క్లచ్‌ను సగం వదిలి, యాక్సిలరేటరును కొద్దిగా తొక్కి బండిని నిలబెట్టడం ఒక విద్య. దానికి మూల్యంగా క్లచ్ ప్లేటు అరిగేది. మలుపు తిరిగేవాడు కుడిచేతిని కిటికీ బయటికి చాపేవాడు. వెనుకవాడు ఆ చేతిని నమ్మేవాడు.

చాదర్‌ఘాట్ దాటిన తరువాత మలక్‌పేట రైల్వే వంతెన వద్ద పరీక్ష తారుమారయ్యేది. ఇక్కడ రోడ్డు పట్టాల కిందికి దిగుతుంది. వాన పడితే ఆ పల్లంలో నీరు నిలుస్తుంది. పాత కార్ల డిస్ట్రిబ్యూటరులోకి తడి చేరితే నిప్పురవ్వ పుట్టక ఇంజను ఆగిపోతుంది. మూత విప్పి పొడిగుడ్డతో తుడిస్తే గాని కదలదు. నది మీది వంతెన బండిని వేడితో పరీక్షిస్తే, రైలు కింది వంతెన నీటితో పరీక్షించేది. కొద్ది దూరంలోనే ఈ రెండింటినీ దాటగలవాడే ఆ కాలపు లెక్కలో డ్రైవరు. ఇటువంటి జ్ఞానం రాతలో మిగలదు, చేతులతో పాటే పోతుంది.

5. ఎల్.బి. నగర్: నీటి మీది నుంచి వాహనాల మీదికి

లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వెలిసిన ఎల్.బి. నగర్ పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. విజయవాడ రహదారిని ఇన్నర్ రింగ్ రోడ్డు ఖండించే కూడలి కావడం వల్ల ఇక్కడ రద్దీ రెండు దిశల నుంచి పెరిగింది. 2018లో చింతలకుంట అండర్‌పాస్, కామినేని వద్ద ఫ్లైఓవరు, 2019లోనూ 2023లోనూ ఎల్.బి. నగర్ కూడలిలో ఫ్లైఓవర్లు, 2022లో నాగోలు ఫ్లైఓవరు ప్రారంభమయ్యాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు నడిచింది. దిల్‌సుఖ్‌నగర్ వీధికి పైన మరో దారి వచ్చింది.

ఈ మార్పుతో వంతెన అన్న మాటకే అర్థం మారింది. చాదర్‌ఘాట్ వంతెన నదిని దాటిస్తుంది. ఎల్.బి. నగర్ వంతెన ఇతర వాహనాలను దాటిస్తుంది. మొదటిదానిలో అడ్డంకి ప్రకృతి, రెండోదానిలో అడ్డంకి తోటి ప్రయాణికుడు. పాత వంతెన మీద నెమ్మదిగా వెళ్ళేవాడికి నది కనిపించేది, ఆగిన బండిని నెట్టడానికి పాదచారులు వచ్చేవారు. కొత్త వంతెన మీద ఆగడమే తప్పు. పాత కారుకు ఇక్కడ ఎక్కడంలో ఇబ్బంది లేదు. వేగం అందుకోలేకపోవడంలోనే ఇబ్బంది ఉంది.

6. ఏది వింటేజ్?

వింటేజ్ అన్న మాటకు బ్రిటిష్ కార్ల సంప్రదాయంలో 1930 వరకు తయారైనదనే అర్థం స్థిరపడింది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ముప్పై ఏళ్ళు దాటి, నిత్య రవాణాకు వాడని వాహనాన్ని చారిత్రకంగా పరిగణిస్తుంది. భారత ప్రభుత్వం 2021 జులైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేకుండా మూలరూపంలో ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు వింటేజ్ తరగతికి చెందుతాయి. వీటికి ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతు వంటి అవసరాలకే వీటిని రోడ్డు మీదికి తేవచ్చు. రోజువారీ ప్రయాణం నిషిద్ధం.

ఈ నిర్వచనానికి ఒక మేలు ఉంది. 1970ల తొలినాళ్ళ అంబాసిడర్లు, ఫియట్లు ఇప్పుడు యాభై ఏళ్ళ గీతను దాటుతున్నాయి. రాచవాహనాల వరుసలో మధ్యతరగతి కారు నిలబడే అవకాశం తొలిసారిగా వచ్చింది. అయితే రెండో షరతు ఆ అవకాశాన్ని చాలావరకు తిరిగి తీసుకుంటుంది. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో బతికిన కారు మూలరూపంలో మిగలడం అరుదు. పెట్రోలు భారమైనప్పుడు డీజిల్ ఇంజనును, తరువాత గ్యాస్ కిట్‌ను బిగించుకున్నవారు ఎందరో. ఆ మార్పులు ఆ దారి విధించినవి, ఆ బండి చరిత్రలో భాగం. చట్టం దృష్టిలో అవే అనర్హతలు. ఎంత ఎక్కువ నడిచిందో అంత తక్కువ వింటేజ్ అన్న విచిత్ర స్థితి దీనివల్ల ఏర్పడింది.

మూలరూప నియమం నిరర్థకమని దీని భావం కాదు. అది లేకపోతే నకిలీలు చొరబడతాయి. కాని అది వస్తువును రక్షించే నియమమే తప్ప వాడుకను రక్షించేది కాదు. ఇంగ్లండులో 1896 నాటి తొలి ప్రయాణ స్మారకంగా ఏటా నవంబరులో 1905కు ముందటి కార్లు లండన్ నుంచి బ్రైటన్ వరకు వెళతాయి. దారిలో వెస్ట్‌మినిస్టర్ వంతెనను దాటుతాయి. అక్కడ కారుతో పాటు దారి కూడా స్మృతిలో భాగమైంది. మన దగ్గర కారు ఒకచోట, వంతెన మరొకచోట, నడిపినవాడు ఇంకొకచోట మిగిలారు.

7. ఉపసంహారం

పురానాపూల్ మీద ఇప్పుడు వాహనాలు తిరగవు, కూరగాయలు అమ్ముతారు. మూసారాంబాగ్ లోలెవెల్ వంతెన స్థానంలో ఎత్తైన వంతెన నిర్మాణం చేపట్టారు. మునిగే వంతెన పోవడం ప్రజలకు మేలే. అయితే దానితో పాటు ఒక కాలపు ప్రయాణానుభవం కూడా పోతుంది. అంబాసిడర్ కాలపు టాక్సీ డ్రైవర్లు, బస్సు డ్రైవర్లు, మెకానిక్కులు వయసు మీరిన దశలో ఉన్నారు. వారి మౌఖిక కథనాలను వంతెనల వారీగా సేకరించడం, పాత వంతెనల కొలతలను, వాలులను కూల్చడానికి ముందే నమోదు చేయడం, మార్పులు జరిగిన వాహనాల మరమ్మతు చరిత్రను కూడా వారసత్వ పత్రంగా గుర్తించడం తక్షణావసరాలు. నగర చరిత్ర, జానపద విజ్ఞాన శాఖలు కలిసి చేయదగిన పని ఇది.

సింహాసనపు కారు నగరానికి ఒక రాజు కోరికను గుర్తుచేస్తుంది. చాదర్‌ఘాట్ వాలులో క్లచ్ అరగదీసుకున్న అంబాసిడర్ ఆ నగరం ఎలా కదిలిందో చెబుతుంది. రెండో సాక్ష్యం లేకుండా మొదటిదానితో మాత్రమే రాసిన చరిత్రలో వాహనాలు ఉంటాయి, ప్రయాణం ఉండదు.