లోపలి గడియ

గృహస్థులు తాళము కొనునప్పుడు దొంగను గూర్చి యోచింతురు. లోపల చిక్కుకొనువారిని గూర్చి యోచింపరు. ఈ యేమరుపాటునకు లోకము గొప్ప వెల చెల్లించినది.

1883 జూన్ 16న ఇంగ్లండులోని సండర్లాండు పట్టణమున, విక్టోరియా హాలులో, బహుమానములకై మెట్లు దిగి పరుగెత్తిన పిల్లలకు, ఒక్కరు మాత్రమే దూరగల సందు విడిచి గడియ వేసిన తలుపు అడ్డుపడెను. 183 మంది పిల్లలు మడిసిరి. పిదప రాబర్టు అలెగ్జాండర్ బ్రిగ్స్ లోపలనుండి త్రోసినంతనే విడివడు గడియను కల్పించి, 1892లో దానిపై హక్కుపత్రము పొందెను.

ఇది పరదేశపు మాట యని త్రోసివేయరాదు. 2025 మే 18న మన హైదరాబాదు పాతబస్తీలో, గుల్జార్ హౌజు చెంత నొక యింట నిప్పంటుకొని 17 మంది ప్రాణములు గోల్పోయిరి. అచ్చట దోషము గడియది కాదు, ఇరుకైన యొంటి దారిది; పాఠము మాత్ర మొక్కటే.

కావున సంతోష్‌నగరు మొదలగు పేటల గృహస్థులకును గృహిణులకును మేము చేయు మనవి యిది: వదులైన పిడిని, తుప్పుపట్టి బిగిసిన గొళ్ళెమును రేపటికి వాయిదా వేయకుడు. మరలు బిగించుట, నూనె వేయుట, వానకుబ్బిన తలుపంచును చిత్రిక పట్టించుట పూటపని. కిటికీల ఇనుప చట్రములలో నొకటైనను లోపలనుండి తెరచుకొనునట్లు చేయించుడు. దాని తాళపుచెవి యున్న చోటు ఇంటిలోని పిల్లలకును తెలియవలెను.