చుక్కాని నేర్పిన పాఠం: సర్వో మోటారు కథ

కోనసీమ రేవుల్లో గోదావరి పాయలను దాటేవారు చుక్కాని పట్టిన సరంగును గమనించే ఉంటారు. పడవ దారి తప్పితే అతడు చుక్కానిని కొంచెమే తిప్పుతాడు. ముక్కు దారికి వస్తూండగానే సడలిస్తాడు. కొత్తవాడు గట్టిగా తిప్పుతాడు. పడవ అవతలికి పోతుంది. కంగారుపడి ఇటు లాగితే ఇవతలికి వస్తుంది. కర్మాగారాల్లోని సర్వో మోటార్లకు వచ్చే ముఖ్యమైన జబ్బు కూడా ఇదే.

అసలు సర్వో పెరిగింది చుక్కాని దగ్గరే. 19వ శతాబ్దంలో ఓడలు పెద్దవి కాగా, 211 మీటర్ల 'గ్రేట్ ఈస్టర్న్' వంటి వాటి చుక్కానిని తిప్పడం మనుషులకు కష్టమైంది. 1866లో మక్‌ఫార్లేన్ గ్రే ఆవిరితో చుక్కాని తిప్పే యంత్రానికి పేటెంటు పొందాడు. ఫ్రాన్సులో జోసెఫ్ ఫార్కో 1873లో ప్రకటించిన గ్రంథానికి 'సర్వో మోటారు' అనే పేరే పెట్టాడు. లాటిన్‌లో 'సెర్వుస్' అనగా దాసుడు. చెప్పిన చోటికి చేరి, చేరినదీ లేనిదీ తానే సరిచూసుకునే దాసుడన్నమాట.

సరంగు నేర్పును గణితంగా మలచినవాడు నికొలస్ మినోర్‌స్కీ. ఇప్పుడున్న తప్పు, ఇంతవరకు పోగుపడిన తప్పు, తప్పు మారుతున్న వేగం: ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలని 1922లో చూపాడు. 1942లో జీగ్లర్, నికోల్స్ అనేవారు దిద్దుబాటు తీవ్రతను నిర్ణయించే పద్ధతి చెప్పారు. యంత్రం ఆగకుండా సమంగా ఊగేవరకు తీవ్రతను పెంచాలి. ఆ విలువలో సగం దగ్గర నిలపాలి. తప్పు పరిమాణాన్ని మాత్రమే చూసే సాధారణ నియంత్రణకు ఇది వారి సూత్రం.

మరి మోటారు వేడెక్కడానికీ దీనికీ సంబంధమేమిటి? తీవ్రత మితిమీరితే మోటారు నిలిచినట్లే కనిపిస్తూ లోలోన ముందుకూ వెనుకకూ కొట్టుకుంటుంది. ఊగిన ప్రతిసారీ విద్యుత్తు ప్రవహిస్తుంది. 1841లో జౌల్ కనుగొన్నట్లు, విద్యుత్తు రెట్టింపయితే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. తీగ చుట్టలపై బంధక పొర ఆయుర్దాయం, స్థూలంగా, ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికీ సగమవుతుంది.

కనుక బరువేమీ మోయకుండా నిలిచిన మోటారు కాలుతూంటే ముందు చెవి పెట్టి వినాలి. జుమ్మనే నాదం, చేతికి అదురు ఉంటే దిద్దుబాటు తీవ్రతను తగ్గించి చూడాలి. అదురు పోయి వేడి తగ్గితే దోషం దొరికినట్లే. తగ్గకపోతే బ్రేకు పూర్తిగా విడుతున్నదా, బేరింగు బిగిసినదా, గాలి దారి మూసుకుపోయినదా, చుట్టూ ఉన్న వేడి మోటారు పలకపై రాసిన పరిమితిని దాటినదా అని వరుసగా చూడాలి. ఈ పరీక్షలు చేయకుండా కొత్త మోటారు బిగిస్తే, అదీ అట్లాగే కాలిపోవచ్చు. దాసుడిని మార్చినంత మాత్రాన ఆజ్ఞలోని దోషం పోదు కదా!