న్యూటను కథయు, మన పిల్లలును



అంటువ్యాధివలన విద్యాలయములు మూతపడిన వేళ విద్యార్థుల మనస్సు లెట్లుండునో నేడు మీతో ముచ్చటించెదను. ఈ సందర్భమున పెద్దలు తఱచుగా చెప్పునది న్యూటను కథ.

1665వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమున ప్లేగు ప్రబలెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు పాఠములు చాలించి విద్యార్థులను ఇండ్లకు పంపిరి. వారిలో ఐజాక్ న్యూటను ఒకడు. అతడు ఊల్స్‌థోర్పు అను స్వగ్రామమునకు పోయి, 1667వ సంవత్సరము వరకు చాలకాల మచ్చటనే గడపెను. గణితమును గూర్చియు, కాంతిని గూర్చియు, గురుత్వాకర్షణమును గూర్చియు అతడు చేసిన యోచనలు ఆ దినములలోనే బలపడెను.

ఇక మన కాలపు మాట. 2020వ సంవత్సరము మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కరోనాను మహామారిగా పేర్కొనిరి. మార్చి 25వ తేదీనుండి మన దేశమంతటను లాక్‌డౌను అమలయ్యెను. వసతిగృహములు ఖాళీ యయ్యెను. మా అన్నగారి మనుమడు, ఇంజనీరింగు చదువుచున్నవాడు, ఒక్క పెట్టెతో ఇల్లు చేరెను. పాఠములన్నియు సెల్‌ఫోనులోనే. మా ఊర సిగ్నలు చెరువుగట్టుమీద తప్ప అందకుండెను. కొన్నాళ్లకు వాడు గట్టునకు పోవుట మానెను. పగలు నిద్రించుచు, రాత్రి మేలుకొనుచు, పిలిచినను పలుకకుండెను. నేనది సోమరితనమని తలచి, భోజనమువేళ న్యూటను కథ చెప్పి, “ఆయన ఆ దినములను అట్లు వినియోగించెను, నీవో?” అని మందలించితిని. వాడు కంచము ముందునుండి లేచిపోయెను.

ఆ రాత్రి మా వదినగారు మజ్జిగయన్నము కలిపి వానికి పెట్టి, ఏమియు నడుగక ప్రక్కన కూర్చుండెను. చాలసేపటికి వాడు నోరు విప్పెను. పాఠములు తలకెక్కుట లేదనియు, పరీక్షలున్నవో లేవో తెలియదనియు, తండ్రి పనిపోయిన యింట తన చదువు బరువైనదనియు చెప్పి, “నాయనమ్మా, బ్రతుకవలెనని లేదే” అని యేడ్చెను. అరుగుమీద కూర్చుండి వినుచున్న నాకు తల యెత్త వలనుపడలేదు.

పిమ్మట న్యూటను చరిత్రను మరల చదివితిని. విశ్వవిద్యాలయము మూతపడకమునుపే అతనికి పట్టము లభించెను. తల్లికి ఇల్లును పొలమును కలవు. మనవారికో, పరీక్షలమాట నెలల తరబడి తేలకుండెను. కడపటి యేటివారికి పరీక్షలు తప్పవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పునప్పటికి ఆగస్టు 28వ తేదీ వచ్చెను. మఱియు కేంబ్రిడ్జి విడిచి యిండ్లకు పోయినవాడు న్యూట నొకడే కాడు. తక్కినవారి పేర్లను మనమెన్నడును తలపము. ఒక్కని గెలుపును కొలబద్దగా పెట్టి పిల్లల నందరిని కొలుచుట న్యాయమా?

మన ధర్మశాస్త్రములు భూకంపాదులైన ఉత్పాతములయందు అనధ్యయనము విధించినవి. అట్టివేళ పాఠము నిలుచుట దోషము కాదు, విధియే. చిన్ననాట వల్లించిన యీ మాట అవసరమువేళ నాకు స్ఫురింపకపోయెను.

దారులు తెరచిన పిదప వానిని పట్టణమునకు, మనోవ్యాధులు చూచు వైద్యునియొద్దకు గొనిపోయితిమి. మందులతోను, నాయనమ్మ ఓరిమితోను వాడు మెల్లగా కోలుకొని చదువు ముగించెను. విద్యార్థుల మనఃక్లేశమును గుర్తించి కేంద్ర ప్రభుత్వమువారు 2020 జూలై 21వ తేదీన మనోదర్పణ్ అను ఏర్పాటు చేసిరి. 2022 అక్టోబరు 10వ తేదీన టెలిమానస్ ఆరంభమయ్యెను. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును. జ్వరమునకు వైద్యుని పిలుచుటకు సిగ్గుపడము గదా, దీనికేల సిగ్గు?

గ్రామపెద్దలారా! మీ యింట చదువుకొను పిల్లవాడు మాట తగ్గించి, తిండి మాని, గది విడువకున్నచో, గొప్పవారి కథలు చెప్పుటకుముందు వాని కథ వినుడు. మా వదినగారు బడి ముఖము చూడనిది. ఆమె చేసినది ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన నాకు తోచలేదు.

సెలవు.