నార్మలైజేషన్‌కు నిక్సన్‌తో చుట్టరికం ఉందా?

డేటాబేస్ పాఠాల్లో నార్మలైజేషన్ అన్న పేరు వెనక ఒక కథ చెబుతారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాతో సంబంధాలను, అంటే 'రిలేషన్స్'ను, నార్మలైజ్ చేస్తానంటున్న రోజులవి. ఆయన చేయగా లేనిది నేను చేయలేనా అనుకున్నానని, డేటాబేస్‌లో సమాచారాన్ని పట్టికలుగా, అంటే 'రిలేషన్స్'గా, పెట్టాలన్న ఎడ్గార్ కాడ్ తర్వాత ఓ ఇంటర్వ్యూలో చెప్పాడు. కథ బాగుంది, కుదరనిది తేదీలే. నిక్సన్ చైనా వెళ్లింది 1972 ఫిబ్రవరిలో. ఈ పద్ధతిని చెప్పిన కాడ్ వ్యాసంలో నార్మలైజేషన్ అన్న మాట 1970 జూన్‌లోనే అచ్చయింది. పైగా గణితంలో 'నార్మల్ ఫారం' పాత మాటే, కాడ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివిందీ గణితమే. చమత్కారాన్ని చమత్కారంగానే ఉంచుదాం.

ఇంగ్లండులో 1923లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపి, ఐబీఎంలో చేరిన మనిషి కాడ్. కాలిఫోర్నియాలోని శాన్ హోసే పరిశోధనాలయంలో ఉండగా ఆ వ్యాసం రాశాడు. అప్పటికి ఐబీఎం అమ్ముతున్నది ఐఎంఎస్. అపోలో చంద్రయాత్ర పనుల కోసం మొదలైన సాఫ్ట్‌వేర్ అది. అందులో సమాచారం చెట్టులా ఉంటుంది. ఏది కావాలన్నా ఏ కొమ్మ మీదుగా వెళ్లాలో ప్రోగ్రామర్‌కు తెలిసి ఉండాలి. కొమ్మలు మార్చారా, ప్రోగ్రాములు తిరగరాసుకోవాల్సిందే.

కాడ్ ఇచ్చిన ఉదాహరణలో ఒక ఉద్యోగి వివరాల లోపలే అతని పిల్లల పట్టిక, చేసిన ఉద్యోగాల పట్టిక, ఆ ఉద్యోగాల లోపల మళ్లీ జీతాల పట్టిక ఉంటాయి. లోపలున్న వాటిని బయటికి తీసి, ప్రతి వరుసకూ ఉద్యోగి నంబరు తగిలించి, దేనికది విడి పట్టిక చేశాడు. మనం ఫస్ట్ నార్మల్ ఫారం అంటున్నది ఇదే. ఒకే సంగతి పదిచోట్ల రాయకూడదన్న గొడవ ఇందులో లేదు. పట్టికలో పట్టిక ఉండకపోతే దాచుకోవడమూ, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపుకోవడమూ తేలికవుతాయి, అంతే. పాఠ్యపుస్తకాలు అన్ని ఫారాలనూ ఒకే నిచ్చెనకు బిగించడం వల్ల ఈ తేడా విద్యార్థికి కనబడకుండా పోయింది.

ఒకే సంగతి పదిచోట్ల ఉండే అసలు జబ్బును కాడ్ 1971లో పట్టుకున్నాడు. కాలేజీ మార్కుల పట్టిక ఒకటి అనుకోండి: రోల్ నంబరు, విద్యార్థి పేరు, పేపరు, మార్కులు, ఆ పేపరు చెప్పే లెక్చరర్, ఆయన ఫోన్ నంబరు. ఒక్కో పేపరుకు ఒక్కరే లెక్చరర్. ఆయన నంబరు మారితే, అరవై మంది విద్యార్థులుంటే అరవై వరుసల్లో దిద్దాలి. ఒకటి మరిచిపోతే ఆయనకు రెండు నంబర్లు. కొత్త పేపరు పెట్టారు, ఎవరూ చేరలేదు. దాన్ని రాసుకోవడానికి వరుసే లేదు. చివరి విద్యార్థి మానేసి, అతని వరుస తీసేస్తే లెక్చరర్ నంబరూ పోతుంది!

ఈ పట్టికకు కీ, అంటే ఏ వరుస ఏదో గుర్తుపట్టించేది, రోల్ నంబరు, పేపరు రెండూ కలిస్తేనే. మార్కులు ఆ రెంటినీ బట్టి ఉంటాయి. విద్యార్థి పేరుకు రోల్ నంబరు ఒక్కటి చాలు, లెక్చరర్‌కు పేపరు ఒక్కటి చాలు. కాబట్టి వాటిని విడదీయాలి, అది సెకండ్. అప్పుడు కూడా ఫోన్ నంబరు పేపరుది కాదు, లెక్చరర్‌ది. దాన్నీ వేరు చేస్తే థర్డ్.

అందులోనూ మిగిలిన సందును పూడ్చిన నిర్వచనం 1974లో కాడ్ పేరుతో రేమండ్ బాయిస్ పేరు కలిపి వచ్చింది. ఎస్‌క్యూఎల్ రూపకర్తల్లో ఒకడైన బాయిస్ ముప్పై ఏళ్లు నిండకుండానే ఆ ఏడాదే చనిపోయాడు. నిజానికి ఆ నిర్వచనాన్ని ఇయాన్ హీత్ 1971లోనే ఇచ్చాడు, పేరు మాత్రం దక్కలేదు. నాలుగు, అయిదు ఫారాలు రోనాల్డ్ ఫేగిన్‌వి, 1977లో ఒకటి, 1979లో ఒకటి. రోజువారీ పనికి థర్డ్ దాకా వస్తే చాలావరకు సరిపోతుంది.

కాడ్‌కు 1981లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. డీబీఎంఎస్ పరీక్షకు నిర్వచనాలు వల్లె వేస్తున్న బీటెక్ పిల్లలూ, ముందు ఆయన 1970 వ్యాసం తెరవండి. పదకొండు పేజీలే.