కిటికీకి 500 పౌన్లు

బ్రిటన్‌లో ఉద్యోగం చేసే తెలుగువారికి ఏ సహోద్యోగి నుంచో అప్పుడప్పుడూ ఒక విన్నపం అందుతుంటుంది: వంద కిలోమీటర్లు పరుగెత్తబోతున్నాను, మా ఊరి హాస్పిస్‌కు తోచినంత ఇవ్వండి అని. అవసానదశలో ఉన్నవారిని కనిపెట్టుకుని ఉండే సంస్థకు ఇతరుల కాళ్ళ సత్తువ ఎందుకు ఆధారమైంది?

1948లో డేవిడ్ టాస్మా అనే పోలిష్ యూదు శరణార్థి లండన్‌లో క్యాన్సర్‌తో మరణిస్తూ, ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా తనకు పరిచయమైన సిసిలీ సాండర్స్‌కు 500 పౌన్లు వదిలివెళ్ళాడు. ఆమె కట్టబోయే ఇంట్లో తానొక కిటికీగా ఉంటానని అతని మాట. ఆ ఏడాది జూలైలోనే ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. రోగం నయం చేయడమే పరమావధిగా సాగిన ఆ వ్యవస్థలో, ఇక నయం కాదని తేలినవారికి చోటు ఇరుకే. సాండర్స్ వైద్యవిద్య చదివి, విరాళాలు కూడగట్టి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించింది. దానిని కావాలనే ఎన్‌హెచ్‌ఎస్‌కు వెలుపల నిలిపింది. అక్కడ రుజువైన పద్ధతులు తర్వాత లోపలికి వెళ్ళాలని ఆమె ఆలోచన. పద్ధతులు వెళ్ళాయి, ఖర్చు మాత్రం చాలావరకు వెలుపలే మిగిలింది. నేటికీ వయోజనుల హాస్పిస్‌ల ఆదాయంలో ప్రభుత్వ వాటా దాదాపు మూడోవంతే. తక్కినది వీలునామాలు, పాతవస్తువుల దుకాణాలు, పరుగులు సమకూర్చాలి.

దూరపు పరుగుకు మృతుల స్మృతితో బంధం పాతదే. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన సహచరుల పేరిట 1921లో దక్షిణాఫ్రికాలో విక్ క్లాపమ్ కామ్రేడ్స్ మారథాన్‌ను ఆరంభించాడు. దాదాపు 90 కిలోమీటర్లు. 34 మంది బయలుదేరితే 16 మంది గమ్యం చేరారు. మరుసటేడు గెలిచిన ఆర్థర్ న్యూటన్ లెక్క వేరు. భూమి విషయంలో ప్రభుత్వం తన గోడు వినడంలేదని, పేరు వస్తే వింటుందని, దాదాపు నలభయ్యేళ్ళ వయసులో పరుగందుకున్న రైతు అతడు. పరుగు జనం చెవికెక్కే సాధనమని కనిపెట్టినవారిలో అతడొకడు.

ఆ సాధనాన్ని పరులకోసం వాడి చూపింది కెనడాలో టెర్రీ ఫాక్స్. క్యాన్సర్‌కు కుడికాలు కోల్పోయి, 1980లో కృత్రిమ కాలితో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. అయితే అతడడిగింది పరిశోధనకు. పరిశోధనకు అడిగేవారు రేపటి ఆశను చూపగలరు. హాస్పిస్‌కు అడిగేవారి వద్ద ఆ ఆశ లేదు, చూపగలిగింది తమ శ్రమ ఒక్కటే. మారథాన్ మామూలయ్యాక దూరం వంద కిలోమీటర్లకు పెరగడానికి అదీ ఒక కారణమేమోనని నా అనుమానం.

ఆ పరుగులకు నేనూ చందా ఇస్తాను. కాని ఒక నర్సు జీతంలో కొంత భాగం, ఎవరి మోకాళ్ళో ఓర్చుకోవడం మీద ఆధారపడటం సాండర్స్ కోరిన స్వేచ్ఛలో భాగమని మాత్రం అనుకోలేను.