మా హాల్లో మూడు టీవీలు, బీరువాలో ఆరు క్యాసెట్లు

ఈసారి దీపావళికి మా పట్టాభిరామ్ ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మావాడు 55 అంగుళాల 4కే టీవీ కొనాలన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది గదా, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అని వాడి వాదన. మా హాల్లో ఉన్నది 2013లో కొన్న 32 అంగుళాల టీవీ. ఇంకా బాగానే పనిచేస్తోంది. "బాగున్న దాన్ని తీసేసి నలభై అయిదు వేలు పోసేది ఎందుకురా?" అని మా ఆవిడ. తీర్పు నన్ను చెప్పమన్నారు. చెప్పే ముందు మా ఇంటి టీవీల కథంతా ఒకసారి గుర్తు చేసుకున్నాను. మన కుటుంబాల్లో చాలామందికి ఇదే ప్రశ్న వచ్చి ఉంటుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది అసలు తిరుత్తణి పక్క. తిరుత్తణి 1960 మార్చి ఆఖరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండింది. సరిహద్దుల మార్పు చట్టంతో ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. మా తాత ఇల్లు కదల్లేదు, రాష్ట్రమే మారింది. తర్వాత నాయనకు ఆవడిలో ఉద్యోగం రావడంతో పట్టాభిరామ్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. బడిలో, బజార్లో తమిళం. గడప దాటి లోపలికొస్తే తెలుగు.

మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. మా ఇంటికి టీవీ రావడానికి ఇంకో ఎనిమిదేండ్లు పట్టింది. 1983లో నాయన డయనోరా నలుపు తెలుపు టీవీ తెచ్చాడు. ఆ రోజుల్లో డయనోరా, సాలిడేర్ రెండూ మద్రాసు పేర్లే. డయనోరా వెనక ఉన్నది నిప్పో బ్యాటరీల పి. ఓబుల్ రెడ్డి గారు, మన తెలుగువారే. ఆ సంగతి నాయన వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. టీవీకి లైసెన్సు ఉండేది, ఏడాదికి 50 రూపాయలు పోస్టాఫీసులో కట్టాలి. ఆంటెన్నా మిద్దె మీద, మొహం తూర్పుకు, మద్రాసు వైపు. గాలి కొట్టిందంటే నేను పైకెక్కి తిప్పేవాణ్ణి, అక్క కిటికీ దగ్గర నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు, గమ్మున దిగు!" అని అరిచేది.

రంగుల ప్రసారాలు మన దేశంలో 1982లో వచ్చాయి, ఆ ఏడు ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల సందర్భంగా. మేము రంగుల టీవీ కొన్నది 1987లో, రామాయణం సీరియల్ మొదలయ్యాక. ఆదివారం పొద్దున మా హాల్లో చోటుండేది కాదు, చెప్పులన్నీ వీధి గుమ్మం దాకా వచ్చేవి. ఇక్కడ ఒక సంగతి గమనించండి. నలుపు తెలుపులోనూ రంగుల్లోనూ బొమ్మలో గీతలు అన్నే. మన పద్ధతిలో మొత్తం 625 గీతలు, అందులో తెర మీద కనిపించేవి 576. రంగు వచ్చిందే గాని వివరం పెరగలేదు. అయినా మాకు కొత్త లోకం చూసినట్లే ఉండింది.

అన్నిటికన్నా పెద్ద మార్పు వేరే దారిన వచ్చింది. దూరదర్శన్‌లో మాకు దొరికేది తమిళం, హిందీ. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల సినిమాల్లో ఎప్పుడో ఒకసారి తెలుగు వంతు వచ్చేది. ఆ రోజు వంట పన్నెండుకే అయిపోయేది. 1993లో సన్ టీవీ, 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చాయి. మా వీధి కేబుల్ అతన్ని బతిమాలి ఈటీవీ పెట్టించుకున్నాం. బొమ్మ మీద చుక్కలు పడేవి, పక్క చానల్ నీడ కనిపించేది. అయినా సాయంత్రం తెలుగులో వార్తలు చదువుతుంటే నాయన కుర్చీ ముందుకు లాక్కుని వినేవాడు. మా ఇంట్లో జరిగిన అసలైన అప్‌గ్రేడ్ అదే.

2006లో తమిళనాడు ప్రభుత్వం ఉచిత రంగుల టీవీ పథకం పెట్టింది. ఊళ్ళో ఉండే మా అవ్వకూ ఒక 14 అంగుళాల టీవీ వచ్చింది. ఆమె జీవితంలో సొంత టీవీ అదే. మంచానికి మూడడుగుల దూరంలో పెట్టుకుని తెలుగు సీరియల్ చూసేది. "అంత చిన్న దాంట్లో ఏం కనిపిస్తుంది అవ్వా?" అంటే, "నాకు మాట ఇనబడితే చాలు నాయనా" అనేది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. పాత టీవీ బొమ్మను డిజిటల్‌లో రాస్తే అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు, అంటే సుమారు 4 లక్షలు. ఫుల్ హెచ్‌డీలో 1920 పెట్టు 1080, సుమారు 20.7 లక్షలు. 4కేలో 3840 పెట్టు 2160, దాదాపు 83 లక్షలు. వింటే ఘనంగానే ఉంటుంది. కానీ చూసేది కళ్ళు గదా. డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగం కన్నా చిన్న వివరాన్ని మామూలు మంచి చూపు విడదీయలేదు. ఆ లెక్కన 55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్కలు ఏడడుగులు దాటితే విడిగా కనిపించవు. 4కే ఇచ్చే అదనపు వివరమంతా అందాలంటే మూడున్నర అడుగుల దూరానికి జరగాలి. 43 అంగుళాల తెరకైతే ఫుల్ హెచ్‌డీకి అయిదున్నర అడుగులు, 4కేకి మూడడుగుల లోపే.

టేపు తెచ్చి మా హాలు కొలిచాను. సోఫా నుంచి గోడకు తొమ్మిదడుగులు. అంటే ఆ 83 లక్షల చుక్కల్లో మా కంటికి చేరేవి కొన్నే. అరవై దాటిన నా కళ్ళకు ఇంకా తక్కువ.

మావాడు ఒప్పుకోలేదు. "షాపులో ఎంత బాగుండింది నాయనా!" అన్నాడు. నిజమే. షాపులో వేసేది 4కేలో తీసిన ప్రత్యేకమైన వీడియో, మనం నిలబడేది మూడడుగుల్లో. ఇంట్లో వచ్చేది వేరు. చానల్ మామూలుదైతే అవే 576 గీతలు, పెద్ద తెర దాన్ని సాగదీసి చూపిస్తుంది, అది ఇంకా మసకగా ఉంటుంది. హెచ్‌డీ చానళ్ళకు ధర వేరు. పైగా 2019 ఫిబ్రవరి నుంచి చానళ్ళను విడిగా ఎంచుకునే పద్ధతి వచ్చాక, ఇక్కడి తమిళ ప్యాకేజీ మీద తెలుగు చానళ్ళకు మనం అదనంగా కట్టుకోవాలి. వాటినే హెచ్‌డీలో తీసుకుంటే ఇంకొంత. ఇక ఇంటర్‌నెట్ ద్వారా 4కే చూడాలంటే పై రకం చందా కావాలి, సెకనుకు 15 మెగాబిట్ల వేగమైనా నిలకడగా ఉండాలి. టీవీ ఖర్చు ఒకసారిది, ఇవి నెలనెలా.

వాడి పక్షాన చెప్పాల్సిందీ ఉంది. ఈరోజు 55 అంగుళాల్లో షాపుల్లో దొరికేవి దాదాపు అన్నీ 4కేనే. కాబట్టి 4కేకి విడిగా డబ్బు పెడుతున్నామనుకోనక్కర్లేదు. పెట్టేది సైజుకు, రంగుకు, వెలుగు నీడల తేడాకు. ఈ చివరివి మాత్రం తొమ్మిదడుగుల నుంచి కూడా కనిపిస్తాయి. పాత సినిమాల విషయంలోనూ లాభం ఉంది. మద్రాసు వాహినీలో తీసిన 1957 నాటి మాయాబజార్ లాంటివి 35 ఎంఎం ఫిలిం మీద ఉన్నాయి. మంచి నెగెటివ్ నుంచి శ్రద్ధగా స్కాన్ చేస్తే పాత టీవీ ఎప్పుడూ చూపించని వివరం బయటికొస్తుంది. ఫిలింలో ఉన్నది గనక వస్తుంది. లేనిది ఏ టీవీ తేలేదు.

ఆ మాట అనుకున్నప్పుడే బీరువాలోని క్యాసెట్లు గుర్తొచ్చాయి. 1991లో అక్క పెళ్ళివి, తర్వాతి శుభకార్యాలవి కలిపి ఆరు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు. ఆడించడానికి ఇంట్లో వీసీఆర్ లేదు. ప్రపంచంలో చివరిగా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. తీసి చూస్తే రెండు క్యాసెట్లలో టేపు అంచున తెల్లగా బూజు. మన ఊరి చెమ్మకు అది మామూలే. నగరంలో డిజిటల్‌లోకి మార్చే ఒకాయన దగ్గరికి ఆరూ తీసుకెళ్ళాం. అయిదు వచ్చాయి. ఒకటి ఇక రాదన్నాడు.

ఆ రాత్రి పెన్‌డ్రైవ్ మా పాత 32 అంగుళాల టీవీకే పెట్టాం. పెళ్ళి పందిట్లో అవ్వ మంగళహారతి పాడుతోంది. 2009లో పోయిన మనిషి. ఆమె గొంతు మాకు మిగిలింది ఆ నాలుగు నిమిషాలే. మావాడు అవ్వను ఒళ్ళో ఉన్నప్పుడు చూశాడు గాని గొంతు గుర్తులేదు. రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. మరునాడు అదే పెన్‌డ్రైవ్ స్నేహితుడి ఇంట్లో 55 అంగుళాల టీవీకి పెట్టి చూసి వచ్చాడు. "అక్కడ మొహం చెదిరిపోయింది నాయనా, మనింట్లోనే బాగుంది" అన్నాడు. వీహెచ్‌ఎస్‌లో ఉన్న వివరం దూరదర్శన్ బొమ్మలో కన్నా తక్కువ, అందుకే.

నా తీర్పు ఇది. ఉన్న టీవీ బాగున్నంత కాలం చుక్కల కోసం మార్చక్కర్లేదు. అది చెడిపోయిన రోజు 4కేనే కొందాం, కొనే ముందు సోఫా నుంచి గోడకు కొలుద్దాం, ఆ కొలతకు తగ్గ సైజే తెద్దాం. ఈ దీపావళి డబ్బుల్లో కొంత క్యాసెట్లకు పోయింది, ఇంకొంత నాయన పాత ఫోటోల స్కానింగుకు. మావాడు కొంచెం గొణిగాడు గాని, స్కానింగుకు ఫోటోలు ఏరి పెడుతున్నది వాడే.

మీ ఇంట్లో బీరువా పైన క్యాసెట్లు ఉంటే ఈ వారమే దించి చూడండి. కొత్త టీవీ వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది, ధర ఇంకా తగ్గినా తగ్గుతుంది. బూజు పట్టిన టేపు వచ్చే ఏడాదికి ఆగదు. మా ఆరో క్యాసెట్ మా తాత పుట్టినరోజు వేడుకది.